ఎండబెట్టిన తోట

చిక్కడపల్లిలో యశోదమ్మ ఇంటి మేడ మీద గదిలో కిరాయికి ఉండే వేదవతి, పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, గోడలకున్న ఫొటోల మీద నీళ్లు చిలకరించేది. అవి పాత తోటల మీద డ్రోన్ ఎగరేసి ఆమె తీసిన ఫొటోలు. ఆమె తీసిన ఫొటోల్లో గడ్డి పెరుగుతుంది. మరీ ఏపుగా పెరిగితే చిన్న కత్తెరతో కత్తిరించేది. ఆ గడ్డిని యశోదమ్మ తన కుందేళ్ల కోసం పట్టుకుపోయేది.

"నారాయణగూడ గడ్డి మంచిగ తింటున్నయి వేదా. అశోక్‌నగర్ పార్కుది మాత్రం ముట్టుత లేవు," అనేది.

నేల కింద ఏముందో ఆ ఫొటోల్లో చదవడం వేదవతి విద్య. రాతి కట్టడం పూడిపోయిన చోట పైన మట్టి పల్చగా ఉంటుంది. ఎండలు ముదిరితే అక్కడి గడ్డి ముందుగా ఎండి, పచ్చటి నేల మీద పసుపు గీతలు తేలతాయి. నారాయణగూడలోని నవాబుల కాలపు భవనం, పాత దేవిడీ తోటలో ఎనిమిది మూలల పాలరాతి నీటితొట్టిని ఆమె అట్లాగే కనిపెట్టింది.

కనిపెట్టింది ఆమె. శాలువా కప్పించుకున్నది ఆమె పనిచేసే సర్వే కంపెనీ యజమాని ఫణీంద్ర. ఇదేమిటని అడిగినందుకు, "ఆమె ఫొటోలల్ల రంగులు మారుస్తది" అని అందరికీ చెప్పి, ఉద్యోగం పీకేశాడు. ఆ మాటతో ఆమెకు ఎవరూ పని ఇవ్వలేదు. పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసి బతికింది. బారాత్ మీదుగా డ్రోన్ తిప్పుతూ కూడా ఫణీంద్రనే తలచుకునేది.

ఈ వేసవిలో ఆ తోటను ఒక బిల్డర్ కొన్నాడు. నేల కింద ఏమీ లేదని, అప్పటి తొట్టి గీత వేదవతి మార్చిన రంగేనని రిపోర్టు ఇచ్చింది ఫణీంద్రే. వేదవతి తోట పక్కనున్న మేడ మీద నుంచి డ్రోన్ ఎగరేసి కొత్త ఫొటో తీసింది. అందులో ఎనిమిది మూలల గీత లేదు. తొట్టి ఎక్కడికి పోయిందో ఆమెకు అర్థమైంది. చాలా కాలానికి నవ్వింది.

పురాతన కట్టడాలు చూసే అధికారి మనోరమకు ఫోన్ చేసింది.

"నువ్వు రంగులు మారుస్తవంట గదమ్మా?"

"రేపొచ్చి మీ కండ్లతోనే చూడుండ్రి మేడమ్."

ఆ కొత్త ఫొటోను తన గది ముందు మేడ మీద ఎండలో పరిచింది. చుక్క నీరు పోయలేదు. పక్కన మాత్రం బకెట్ నిండా నీళ్లు పెట్టింది.

కబురు ఎట్లా తెలిసిందో, మధ్యాహ్నానికల్లా ఫణీంద్ర చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. ఫొటోలో గడ్డి గోధుమరంగుకు తిరగడం చూసి అతని ముఖం పాలిపోయింది.

"ఇట్ల ఎండబెడితే లోపలిదంతా బయటపడ్తది వేదవతీ. జర ఆలోచించు. మళ్ల ఉద్యోగమిస్త."

"మీ ఇష్టం సార్," అన్నది వేదవతి. గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నది.

అతను బకెట్ ఎత్తి ఫొటో మీద కుమ్మరించాడు. అంతా పచ్చబడితే ఏమీ కనబడదని అతని ధీమా. గీతల సంగతి వేదవతి రిపోర్టుల్లో చదివాడే గాని, గడ్డిని ఎన్నడూ చూసినవాడు కాదు. బకెట్ ఖాళీ చేసి, నిమ్మళంగా దిగిపోయాడు.

తెల్లారి మనోరమ వచ్చేసరికి ఫొటో నిండా గడ్డి లేచింది. తవ్వి పూడ్చిన మట్టి గుల్లగా ఉండి నీళ్లు పట్టి ఉంచుతుంది. తోట నడిమధ్య, ఎనిమిది మూలలుగా, గడ్డి మిగతా నేల కంటే నల్లగా, ఒత్తుగా నిలబడి ఉంది. అక్కడి నుంచి గేటు దాకా, మట్టి అణిగి గడ్డి మొలవని రెండు గీతలు, లారీ చక్రాల జాడలు.

మనోరమ వంగి, ఆ గడ్డిని వేలితో పక్కకు తీసి చూసింది. "తొట్టిని ఎత్తుకపోయిన్రు," అన్నది.

అది ఫణీంద్ర ఫామ్‌హౌస్‌లో ఈతకొలను పక్కన దొరికింది. బిల్డర్ పనులు ఆగిపోయాయి. తోటలో తవ్వకాల బాధ్యత వేదవతికి వచ్చింది.

ఫణీంద్రను తీసుకెళ్తున్న పోలీసు జీపు నారాయణగూడ చౌరస్తాలో ఆగిన పూట, ఆమె తోట నుంచి వస్తూ అక్కడే నిలబడి ఉంది. అతను కిటికీ లోంచి చూశాడు.

"నీళ్లు పోస్తుంటే ఎందుకాపలే నువ్వు?"

వేదవతి దగ్గరికి పోయింది. ఎన్నేళ్లుగానో కూడబెట్టుకున్న తిట్లన్నీ నోటి దాకా వచ్చి, అక్కర్లేదనిపించి వెనక్కి పోయాయి.

"ఆపబుద్ధి కాలే సార్."

జీపు కదిలింది. బర్కత్‌పుర వైపు మలుపు తిరిగేదాకా ఆమె చూపు తిప్పుకోలేదు.