పులుసుకు రాని పీతలు

నేను ఒక ప్లాస్టిక్ బకెట్‌ని. ఎర్ర ఒళ్లు, తెల్ల పిడి, అంచున చిన్న పగులు. ఏదో ఫ్యాక్టరీ అచ్చులోంచి వేడివేడిగా ఊడిపడి, ఇంగ్లండులో ఓ సముద్రతీరపు ఊళ్లో దుకాణం ముందు వేలాడాను. నన్ను మొదట కొన్న కుటుంబం నాతో ఒకే ఒక్క ఇసుక కోట కట్టింది. వాన పడగానే కారులోకి పరుగెత్తి, నన్ను బెంచీ కింద మరిచిపోయింది. సెలవు రోజున ఆనందంగా ఉండడానికి మనుషులు పడే తొందర అంతా ఇంతా కాదు లెండి.

అక్కణ్నించి పాతసామాన్ల కొట్టుకు చేరితే, మంగ నన్ను కొంది. మంగ ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. మూడు నెలల కిందటే భీమిలి నుంచి కూతురు లోహితతో వచ్చింది. తొమ్మిదేళ్ల ఆ పిల్ల ఇంగ్లీషు యాస విని బడిలో ఎవరో నవ్వారట. అంతే, బడిలో నోరు విప్పడం మానేసింది. ఇంట్లో అన్నం కూడా సగంలో వదిలేస్తోంది. దీనికి ఒక్క స్నేహితురాలు దొరికితే చాలు దేవుడా అని మంగ బెంగ.

ఆ శనివారం సెలవు దొరగ్గానే, చుట్టపుచూపుగా వచ్చిన తల్లి నూకాలమ్మనీ, కూతుర్నీ, నన్నూ వెంటేసుకుని పీతలు పట్టడానికి జెట్టీకి బయల్దేరింది. పట్టాక వాటినేం చేస్తారో తల్లికి చెప్పడం మరిచింది. నూకాలమ్మ పొద్దున్నే చింతపండు నానబెట్టి మరీ వచ్చింది.

జెట్టీ అంచున కుటుంబాలన్నీ బకెట్లతో బారులు తీరాయి. అందరూ దారానికి పంది మాంసం ముక్క కడితే, నూకాలమ్మ చేప తలకాయ కట్టింది. భీమిలి రేవులో పెరిగిన మనిషి మరి! గంటలో నా కడుపు నిండింది. ఆ గోకుడుకి నా ప్రాణం పోయిందనుకోండి.

ఇంతలో పక్కనున్న మేజీ అనే పిల్ల బకెట్లోంచి పీత తప్పించుకుంది. పెద్దలంతా కాళ్లు పైకెత్తేశారు. నూకాలమ్మ నింపాదిగా వంగి, వెనకనుంచి డొప్ప పట్టుకుని ఎత్తేసింది. మేజీ కళ్లు ఇంతలేసి చేసుకుని, తనకూ నేర్పమంది. నూకాలమ్మకేమో ఇంగ్లీషు రాదు. ఇక లోహితే నోరు విప్పాలి. విప్పింది. వెనకనుంచి పట్టుకో, భయపడకు అని చెప్పింది. మేజీ నవ్వలేదు. చెప్పినట్టే పట్టుకుంది.

సాయంత్రం ఆ ఊరి ఆచారం మొదలైంది. ఏటవాలు గట్టు మీద అందరూ బకెట్లు బోర్లిస్తారు. ఎవరి పీత ముందు నీళ్లలో పడితే వాళ్లు గెలిచినట్టు. మేజీ లోహితను రమ్మని పిలిచింది. నూకాలమ్మ మాత్రం నన్ను పైట చెంగుతో కప్పేసి, ఒళ్లోకి లాక్కుంది.

"పట్టీసినోటిని మళ్లీ వొగ్గీడమేటే?"

లోహిత మొహం చిన్నబోయింది. "వండేస్తే ఆ పిల్ల నాతో ఇంక మాట్లాడదు, అమ్మమ్మా."

నూకాలమ్మ నాలోకి చూసింది. మనవరాలి మొహంలోకి చూసింది.

"ఈటికి కండేదీ? పోనీ, పెరగనీ," అంటూ తనే నన్ను బోర్లించింది.

మా పీతల్లో ఒక్కటీ గెలవలేదు. అన్నిటికన్నా ముందున్నది సగం దూరం పోయి వెనక్కి తిరిగింది. పిల్లలిద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. వచ్చే శనివారం అమ్మమ్మను కూడా తీసుకురమ్మని మేజీ మరీ మరీ చెప్పింది.

నేను ఖాళీగా ఇంటికొచ్చాను. నన్ను కడిగి వంటింటి గుమ్మం పక్కన పెట్టారు. నానిన చింతపండు పారేయడానికి మనసొప్పక, నూకాలమ్మ ఉత్తి పులుసు కాచింది. లోహిత మేజీ కబుర్లు చెబుతూ చెబుతూ ఆ ఉత్తి పులుసుతోనే మూడుసార్లు అన్నం కలుపుకుంది. మంగ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.