ఐదో గడి

మా బావగారు వెంకటకృష్ణయ్యగారు ముప్పై ఏళ్ళు తెనాలిలో లెక్కల మేష్టారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రిటైరయ్యాక కూడా నాలుగోది మొలవలేదు.

2006 వేసవిలో తెనాలిలోనే నా రొమ్ములో గడ్డ తీశారు. కొన్ని గడ్డలకు ఒంట్లోని హార్మోన్లను పట్టుకునే కొక్కేలుంటాయని, వాటిని రిసెప్టర్లంటారని డాక్టరు గౌతమిగారు చెప్పింది. నాది చిన్న గడ్డే కనక, అవి ఉంటే ఐదేళ్ళు రోజుకో మాత్ర చాలట. లేకపోతే మాత్ర దండగ, సెలైన్‌లో ఎక్కించే మందులే దిక్కు. తేలాలంటే తీసిన ముక్కను హైదరాబాదు పరీక్షకు పంపాలి.

మా ఆయన బసవలింగం సంతకం పెట్టబోతుంటే బావగారు ఆపారు. మర్నాడు ఇంటర్నెట్ సెంటర్లో అచ్చు వేయించిన కాగితంతో బాపట్లలో మా ఇంటికి దిగారు. అది అమెరికా లెక్క. నాలుగు గడులు: తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, స్పానిష్ దేశాలవాళ్ళు, ఆసియావాళ్ళు. ఎవరిలో ఎంతమందికి కొక్కేలున్నాయో కింద అంకెలు. కొక్కేలు లేని రకం నల్లవాళ్ళలో ఎక్కువట.

"మనది ఆసియానే కదన్నయ్యా," అన్నాడు మా ఆయన.

"ఆసియాలో చైనా, జపానూ ఉన్నాయిరా. మరి మా మరదలేమో..." అని బావగారు కళ్ళజోడు సర్దుకుని, "ఇలా వరండాలోకి రామ్మా, వెలుతుర్లో చూద్దాం," అన్నారు.

నేను చామనచాయకు కాస్త అవతల. పెళ్ళిచూపుల్లో కూడా నన్నంత పరీక్షగా చూడలేదు. ఒళ్ళు మండింది.

"బావగారూ, ఆ గడ్డకి నా రంగు తెలుసంటారా?" అన్నాను.

ఆయన వింటేగా. చివరికి నన్ను ఆసియా గడిలోనే కూర్చోబెట్టారు. రేపల్లెలో మా అక్క అమ్మాజీకి రెండేళ్ళ కిందట ఇదే జబ్బు, కొక్కేలున్న రకం. మాత్రతో నిక్షేపంగా ఉంది. "ఒకే గడి, ఒకే తల్లి. ఇంక పరీక్ష దేనికిరా?" అని తీర్పిచ్చేశారు. అక్క తన మాత్రల్లో సగం పొట్లం కట్టి పంపింది కూడా. మా ఇళ్ళల్లో అంతే, ఒకరికి పనిచేసిన మందు ఊరందరికీ పనిచేయాలి.

మాత్ర నోటిదాకా వెళ్ళింది గానీ మింగలేకపోయాను. ఇది నా మందు కాకపోతే? భయమేసింది. గోత్రం అడిగి తేల్చే సంగతి కాదిది, నా ప్రాణం.

అక్కను చూసొస్తానని చెప్పి రైలెక్కాను. రేపల్లె బండి మారాల్సిన తెనాలిలో దిగి, మారకుండా గౌతమిగారి దగ్గరికి నడిచాను.

"ఆ లెక్కలు జనం గురించమ్మా. మీ సంగతి మీ ముక్కే చెప్పాలి," అందావిడ. పరీక్ష కాగితం మీద నేనే సంతకం పెట్టాను.

పన్నెండు రోజులకు జవాబొచ్చింది. అక్కకు ఉన్న కొక్కేలు నాకు లేవు. ఆ మాత్రలు మింగుతూ కూర్చుంటే జబ్బు తన పని తాను చేసుకుపోయేది.

మొదటి సెలైన్ రోజున బావగారు ఇడ్లీ క్యారేజీతో వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. జేబులోంచి పాత కాగితం తీశారు. మళ్ళీ మొదలెట్టారురా నాయనా అనుకున్నాను. ఆయన స్కేలు పెట్టి పెన్సిలుతో ఐదో గడి గీశారు. పైన 'ఈశ్వరమ్మ' అని నా పేరు రాశారు.

"కింద అంకె వెయ్యలేదేంటండీ?" అన్నాను.

"నాకు తెలియదమ్మా," అన్నారు.

కుందేలుకు నాలుగో కాలు మొలిచింది. ఎన్నేళ్ళుగానో దానికోసం చూస్తున్నదాన్ని, తీరా మొలిచాక నాకు ఏడుపొచ్చింది.