ఇంజన్ కడుపులో పదో నంబరు పానా

నేను ఒక పానాను. ఒక కొస పది, ఇంకో కొస పదకొండు. ఎక్కడో పంజాబు కార్ఖానాలో ఎర్రగా కాలి, సుత్తి దెబ్బలు తిని పుట్టాను. ఆ దెబ్బలు ఎప్పుడో మరిచిపోయాను. ఇప్పటికీ నన్ను బాధించే సంగతి వేరే ఉంది, అదే చెబుతాను.

నన్నొక సర్కారు హైస్కూలుకు పంపారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బండి పని నేర్పడానికి అక్కడ ఒక గది, ఒక పాత కారు ఇంజన్, లింబాద్రి సారు ఉన్నారు. సారు మంచివాడు. ఆ మాట ముందే చెప్పకపోతే తర్వాత మీరు ఆయన్ని ఆడిపోసుకుంటారు. గోడ చెక్క మీద పనిముట్లమైన మా ఒక్కొక్కరి ఆకారం నల్ల రంగుతో గీసి, ఎవరి చోట వాళ్లను తగిలించేవాడు. "ఇంజన్ మూసే ముందు సామాన్లు లెక్కవెట్టుకోవాలె రా" అని రోజూ పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు.

పిల్లలు చాలామంది బోల్టు కనబడితే చాలు, పగబట్టినట్టు బిగిస్తారు. పదో తరగతి గంగాధర్ అలా కాదు. ముందు వేళ్లతో మర పట్టించి, ఆ తర్వాతే నన్ను అందుకునేవాడు. వాడి అన్నకు బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు ఉంది. "పది పాసైనంక పాలిటెక్నిక్‌ల ఆటోమొబైల్ చదువుత సార్" అనేవాడు. "నువ్వు గాకుంటే ఇంకెవడు చదువుతడు రా" అని సారు మురిసిపోయేవాడు.

రేపు ప్రాక్టికల్ పరీక్షకు అధికారి వస్తాడనగా సారుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంజన్ విప్పి, తలకిందులుగా పెట్టి ఉంది. పిల్లలు చేస్తే ఆలస్యమవుతుందని అందరినీ బయటికి పంపి తానే కూర్చున్నాడు. నాతో లోపలి బోల్టులు రెండు బిగించి, నన్ను అక్కడే ఒక అంచు మీద పెట్టాడు. ఇంతలో హెడ్మాస్టరు పిలిచారు. తిరిగొచ్చి, హడావిడిగా మూత పెట్టి, టీ ఆకారపు పానాతో చుట్టూ బోల్టులు బిగించేశాడు. ఇంజన్‌ను నిటారుగా తిప్పినప్పుడు నేను లోపల ఠంగుమని పడ్డాను. సరిగ్గా అప్పుడే బడి గంట కొట్టారు. అయ్యో సారూ అందామంటే నాకు నోరేది!

సాయంత్రం చెక్క మీద నా చోటు ఖాళీగా కనిపించింది. సారు పిల్లల్ని వరసగా నిలబెట్టి సంచులన్నీ వెతికాడు. తను మూసిన ఇంజన్ మాత్రం ఆయనకు తట్టలేదు. మనుషులు అంతే, తమ చేతిని ఆఖరున అనుమానిస్తారు.

"గంగాధర్, మీ అన్న షెడ్డుకు తీస్కపోయినవా?"

"అమ్మతోడు సార్, నేను తియ్యలే."

"ఒట్లు వెట్టకు. తెచ్చిచ్చినంకనే ల్యాబుల అడుగువెట్టు."

పొద్దున్నే వాడు అన్న పానా ఒకటి తెచ్చి సారు చేతిలో పెట్టాడు. పరీక్ష పోకూడదని పాపం ఆ పని చేశాడు. అది అచ్చం నాలాంటిదే. "నిన్ననే ఇస్తే అయిపోవు గద రా" అన్నాడు సారు. ఎవడో "దొంగ" అన్నాడు, అందరూ నవ్వారు. గంగాధర్ పరీక్ష రాయకుండానే వెళ్లిపోయాడు, మళ్లీ బడికి రాలేదు. నూనె జిడ్డులో పడి అంతా వింటూ ఏడ్చాను.

ఆర్నెల్ల తర్వాత, కొత్త పిల్లలకు చూపించడానికి సారు ఇంజన్ తిప్పాడు. నేను లోపల గట్టిగా మోగాను. మూత విప్పి, నన్ను చూసి, చేయి పెట్టి బయటికి తీశాడు. నన్ను జేబులో వేసుకుని, గంగాధర్ తెచ్చిచ్చిన ఆ రెండో పానా చేత పట్టుకుని వాడి అన్న షెడ్డుకు బయలుదేరాడు. "తప్పు నాదే రా, ఇంజన్లనే ఉన్నది" అని దారంతా గొణుక్కుంటూనే ఉన్నాడు.

గంగాధర్ ఒక జీపు కింద పని చేస్తున్నాడు. బయటికి వచ్చి సారును చూశాడు. ఆయన చేతిలో పానా చూశాడు. సారు నోరు తెరిచేలోపే వాడే అడిగాడు.

"ఇంకోటి వోయిందా సార్? నేను బడి దిక్కు రాక ఆర్నెల్లాయె."

అని, జిడ్డు చేతులతోనే రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు.