నీలం కొస

నేను ఒక పెన్సిలును, అదీ రెండు కొసల పెన్సిలును. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. ఇప్పుడు బొటనవేలంత మిగిలాను. ఇంత ముక్కకి ఆత్మకథ ఎందుకని మీరు అనుకుంటే నాకేం కోపం లేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి.

నన్ను చేసిన కార్ఖానా మద్రాసు దగ్గర ఎక్కడో ఉంది. తేలిక కర్రలో గాడి తీసి, ఇటునుంచి ఎర్రపుల్ల, అటునుంచి నీలంపుల్ల పెట్టి, పైన ఇంకో చెక్క వేసి జిగురుతో మూసేశారు. పెట్టిన మనిషి రెండింటినీ సమానంగానే పెట్టాడు. నడిమధ్యన ఆ రెండు రంగులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

నన్ను కొన్నది పాస్టర్లకు చదువు చెప్పే ఒక మాస్టారు. ఆయన నన్ను వాడలేదు. పాలపర్తి జీవరత్నం అనే తన శిష్యుడు చదువు ముగించుకుని వెళ్తుంటే చేతిలో పెట్టి, వాడే పద్ధతి చెప్పారు. బైబిల్లో క్రీస్తుకు ముందటి భాగమైన పాత నిబంధనలో ఆయన ఛాయ కనబడిన ప్రతిచోటా ఎర్రగీత కొట్టాలి. యూదులకే చెందిన రాజుల పేర్లూ యుద్ధాలూ ఏడుపులూ అయితే నీలంగీత. "మంచి బోధకుడి బైబిలు ఎర్రగా ఉంటుందబ్బాయ్" అన్నారు. ఆ మాటతో నా నీలం కొస బతుకు తేలిపోయింది.

జీవరత్నం గారికి రేపల్లె అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి క్రైస్తవ సంఘం అప్పగించారు. ప్రతి శనివారం బల్ల దగ్గర కూర్చుని, బ్లేడుతో నా ఎర్రకొస చెక్కి, పాత నిబంధన మొదట్నుంచి చివరిదాకా, మోషే నుంచి మలాకీ దాకా వెతికేవారు. కర్ర కనబడితే సిలువ. నీళ్లు కనబడితే బాప్తిస్మం. ఎర్రనిది ఏది కనబడినా రక్తం. రాహాబు అనే ఆమె తన కిటికీకి కట్టిన ఎర్రతాడు కింద ఎంత గట్టిగా గీశారంటే వెనక పేజీ దాకా అచ్చు పడింది. ఎలీషా ప్రవక్త ఒక కొమ్మ విసిరితే నీళ్లలో మునిగిన గొడ్డలి తేలిందట. ఆ కొమ్మా సిలువే అయింది. గొడ్డలి అరువుది, ఇప్పుడెలాగని వణికిన మనిషి ఒకడు ఆ కథలో ఉన్నాడు. అతని దగ్గరికి మాత్రం నేనెప్పుడూ పోలేదు.

ఆయన్ని ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. ఎప్పటిదో, ఎవరిదో పరాయి జనం గ్రంథంలో ఆయనకు తెలిసిన ముఖం ఎదురయ్యేది. సంతలో సొంత అన్న కనబడినట్టు సంబరపడేవారు. ఆ సంబరం నిజమైనదే. కాకపోతే అన్న కనబడ్డాక సంతలో మిగతావాళ్లు ఆయనకు కనబడేవాళ్లు కాదు.

మనిషి పోయిన ఇంట్లో, మట్టి చేసిన కొద్దిరోజులకు, ఆదరణ కూడిక అని పెడతారు. సంఘమంతా వచ్చి, పాటలు పాడి, వాక్యం విని, భోంచేసి వెళ్తారు. అక్కడ జీవరత్నం గారు బైబిల్లో ఏ కీర్తన తెరిచినా నాలుగు మాటల్లో సిలువ దగ్గరికి, అక్కణ్ణుంచి క్రీస్తు లేచి వెళ్లిన ఖాళీ సమాధి దగ్గరికి వచ్చేసేవారు. మగవాళ్లు తేలికపడి అన్నాలకు లేచేవాళ్లు. ఆయన భార్య సుగుణమ్మ వెనక ఆడవాళ్లలో కూర్చునేది. ఒకసారి ఇంటికొచ్చాక, "మీరు మరీ తొందరగా లేపేస్తన్నారండీ" అంది. ఎవర్నని అడిగారాయన. "పోయినోళ్లని" అంది. ఆయన నవ్వేసి నన్ను చెక్కుకున్నారు.

వాళ్లకు ఒక్కతే కూతురు, కెజీయా. యోబు కూతురి పేరు. నా నీలం కొసను మొదట పనిలో పెట్టింది ఆ పిల్లే. తొమ్మిదో తరగతి పటంలో బంగాళాఖాతం మొత్తానికి నాతో రంగేసింది. ప్రసంగాల పెన్సిలు పాడుచేస్తావా అని తండ్రి కసిరితే, సముద్రాన్ని చేసింది మాత్రం ఎవరు నాన్నా అని అడిగింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా అరిగింది ఆ ఒక్కసారే.

ఆ వానాకాలం పిల్లకు జ్వరం వచ్చింది. మెదడుకు పాకిందన్నారు. గుంటూరు తీసుకెళ్లారు, మళ్లీ తీసుకొచ్చారు. తీసుకొచ్చిన తీరు చెప్పడానికి నాకు చేతకాదు.

సుగుణమ్మ ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఆడవాళ్లు ఆమెను చూసి భయపడ్డారు. కూడికలో ఇంకెవరో వాక్యం చెబుతామంటే జీవరత్నం గారు ఒప్పుకోలేదు, తానే చెబుతానన్నారు. సుగుణమ్మ ఒక్కటే కోరింది, ఎనభై ఎనిమిదో కీర్తన చదవమని. ఆ కీర్తనను ఆదరణ కూడికల్లో ఎవరూ ముట్టుకోరు. తక్కిన కీర్తనలు ఎంత ఏడ్చినా చివరికి స్తుతికి తిరుగుతాయి. ఇది తిరగదు. చీకటిలో మొరపెట్టి చీకటిలోనే ఆగిపోతుంది.

ఆయన కాదనలేదు. మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని, అలవాటు చొప్పున నన్ను తీశారు. గోతిలోకి దిగినవాడు, స్నేహితులు వదిలేసినవాడు, ఇది క్రీస్తు సమాధి కాక మరేమిటని మొదటి వచనం కింద ఎర్రగీత మొదలుపెట్టారు. సగంలో ముల్లు విరిగింది. చెక్కారు. మళ్లీ విరిగింది. ఇంకా చెక్కారు. ఎర్రకొసలోంచి నీలం బయటపడింది. ఎరుపు పూర్తిగా అయిపోయింది.

ఆయన కొట్టు నుంచి ఇంకోటి తెప్పించాలన్నారు. గుమ్మంలో ఉన్న సుగుణమ్మ లోపలికొచ్చింది.

"వద్దండీ. ప్రభువు మూడోరోజున లేచాడు. మన పిల్ల లేవలా. ఇన్నేళ్లూ అన్నీ ఆయనకే రాసిచ్చారు, నేనేమన్నా అన్నానా? ఈ ఒక్కటీ ఏడ్చినోళ్లకి వదిలెయ్యండి."

"సిలువ మాట లేకుండా ముగిస్తే నేనేం బోధకుణ్ణి సుగుణా? ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దు. చదవండి. చదివి కూర్చోండి."

ఆయనకు భయం వేసింది. సంఘం ఏమంటుందోనని కాదు. ఆ చీకటి దగ్గర ఆగితే తాను మళ్లీ లేవగలనో లేదోనని.

సాయంత్రం ఇంటి ముందు షామియానా కింద జనం నిండారు. నేను ఆ పేజీలోనే ఉన్నాను. ఆయన చదివారు. తొందరపడకుండా, ఆ కీర్తన రాసిన హెబ్రీ మనిషెవరో పక్కనే నిలబడి వింటున్నట్టు చదివారు. చివరి మాట అయింది. సంఘపెద్ద తిమోతి గారు ఇక సిలువ వస్తుందని ముందుకు వంగారు. జీవరత్నం గారు నోరు తెరిచారు. నా మీద వేలు బిగించారు. తర్వాత కూర్చున్నారు.

అప్పుడు వెనక నుంచి సుగుణమ్మ ఏడుపు వినబడింది. అన్నిరోజులూ లోపల పెట్టుకున్నది ఒక్కసారిగా వచ్చింది. ఆమె పక్కన ఇంకొకామె ఏడ్చింది, ఆమె వెనక మరొకామె. ఆయన ఇన్నేళ్లూ తొందరగా లేపేసిన పిల్లల తల్లులు వాళ్లు. జీవరత్నం గారు తలవంచుకుని అదంతా విన్నారు. వింటూ తానూ ఏడ్చారు.

అయ్యగారి విశ్వాసం సన్నగిల్లిందని తిమోతి గారు ఊరంతా చెప్పారు. జీవరత్నం గారు పాత ఎర్రగీతల్లో ఒక్కటీ చెరపలేదు. ఈస్టరు నాడు వాటి మీదే గొంతు నిండుగా ప్రసంగించారు. కానీ శనివారాల్లో ఆదికాండం నుంచి మళ్లీ మొదలుపెట్టారు, నీలంతో. బిడ్డను పొద కింద పడేసి దూరంగా కూర్చున్న హాగరు. కొడుకుల శవాల మీద పిట్టలు వాలకుండా కాపలా కాసిన రిస్పా. గొడ్డలి పోగొట్టుకున్న ఆ మనిషి. కొన్నిచోట్ల రెండు గీతలూ పక్కపక్కనే పడ్డాయి. అలా అరిగీ అరిగీ నేను ఇంతయ్యాను. అలసిపోయాను, నిజమే. పనికిరాని అలసట మాత్రం కాదు.

జీవరత్నం గారు కూడా పోయారు. ఇప్పుడు సుగుణమ్మ నన్ను ఆ కీర్తన దగ్గరే పెడుతుంది. నా వల్ల ఆ బైబిలు సరిగ్గా మూసుకోదు. ఎవరు తీసినా అక్కడే తెరుచుకుంటుంది.

మొన్న కెజీయా జ్ఞాపకార్థ కూడిక నాడు కొత్త పాస్టరు వచ్చారు. జేబులో ఎర్ర స్కెచ్ పెన్ను. ఏ భాగం మీద మాట్లాడమంటారని అడిగారు. సుగుణమ్మ నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది ఉన్నచోట చదవండి అయ్యగారూ. చదివి కూర్చోండి."

ఆయన చదివారు. సగం గీసి ఆగిపోయిన ఎర్రగీత మీద ఆయన చూపు నిలిచింది. చెయ్యి జేబు దాకా వెళ్లింది. ఒళ్లో నన్ను పట్టుకున్న ఆమె చేతివైపు చూసి, పెన్ను తీయకుండానే కూర్చున్నారు.