వేలు పట్టేంత సందు

నన్ను చూడాలంటే మీరు నేల మీద వెల్లకిలా పడుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది? విజయవాడ దాటాక హైవే పక్కన ఒక హోటలాయన అద్దాల గది కట్టించి, అందులో ఈ ఎర్ర కారును నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు దాని ముక్కు పొడవు చూసి నోళ్ళు వెళ్ళబెడతారు, ఆనుకుని ఫొటోలు దిగుతారు, దోసె చల్లారిపోతుందని వెళ్ళిపోతారు. నేను దాని వెనక చక్రం లోపలి పక్కన, గతుకులకి వంగి లేచే కమాను పట్టీల కింద ఉంటాను. నేను ఒక మూరెడు ఇనుప కడ్డీని. అవతలి చక్రం దగ్గర నా జోడు ఉంది.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్ద ఘనమేమీ లేదు. గ్రానైటు రాళ్ళు మోసి మోసి నడుం విరిగిన ఒంగోలు లారీ ఛాసిస్‌లో ముక్కని. ఆటోనగర్లో పాత ఇనుము గుట్టలో తుప్పు పట్టిపోతుండగా మెకానిక్ దస్తగిరి కంటపడ్డాను.

కారు అప్పట్లో అబ్బులుది. అబ్బులు ఒకప్పుడు మద్రాసులో సినిమాలకి కార్లు దొర్లించినవాడు. హీరో కారు గోడ దూకిందంటే లోపల ఉన్నది అబ్బులే, తెర మీద పేరు మాత్రం ఎప్పుడూ పడలేదు. ఒక సినిమా కంపెనీ మూతపడినప్పుడు, ఎవరికీ అక్కర్లేని ఈ ఎనిమిది సిలిండర్ల అమెరికా కారును ఇంటికి తెచ్చుకున్నాడు. ఎప్పుడో తీరిగ్గా బాగుచేసుకుని, ఒక్కసారి ఎవరి కోసమూ కాకుండా తన కోసం పూర్తి వేగంతో తోలుదామనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు పట్టా కప్పి ఉంచాడు. ఈ మనుషులకి ‘ఎప్పుడో’ అనే రోజు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

అరవై ఏడో ఏట కళ్ళ డాక్టరు నీటికాసులని చెప్పాడు. చుట్టూతా చీకటి మూసుకొస్తోంది, మధ్యలో మిగిలిన చూపు ఆరు నెలలుంటే గొప్ప. అప్పుడు కారును లారీకి కట్టి లాక్కుని దస్తగిరి షెడ్డుకి పరుగెత్తుకొచ్చాడు.

ఇంజను లేచింది. కానీ పెడలు గట్టిగా తొక్కితే చాలు, ఆ బలానికి ఇరుసు మెలి తిరిగి, కమాను పట్టీలు వంకరపోయి, మళ్ళీ ఒక్క విదిలింపు విదిలించుకునేవి. కారు ముందుకు పోవడం మాని గాడిదలా వెనక కాళ్ళు ఝాడించేది. ఇరుసు మెలి తిరగకుండా ఆపే కడ్డీలు కావాలి. ఏ కడ్డీలన్నదే మొత్తం గొడవ.

దస్తగిరి ముందు లారీ కడ్డీలు తెచ్చి ఇరుసు నుంచి ఛాసిస్ దాకా బిగించాడు. “లారీకే ఆగింది, దీనికి ఆగదా అన్నా?” అన్నాడు. ఇరుసు ఆగింది గానీ, మొదటి గతుక్కే బిగింపు పెళ్ళున చీలింది. ఏదో పత్రికలో బొమ్మ చూపించి అమెరికా నుంచి తెప్పిద్దామా అన్నాడు అబ్బులు. రావడానికి మూడు నెలలన్నారు.

“మూడు నెలలకి నువ్వు బిగిస్తావు, నేను తడుముకుంటాను,” అని పత్రిక విసిరేశాడు.

చివరికి మద్రాసులో చూసిన ఒక పొట్టి కడ్డీ అతనికి గుర్తొచ్చింది. దాని ఒక కొస ఇరుసుకి బిగించాలి. రెండో కొసకి రబ్బరు బొడిపె తొడిగి, దేనికీ బిగించకుండా కమాను ముందు చివర కింద వదిలెయ్యాలి. ఇరుసు మెలి తిరగబోయినప్పుడు మాత్రం ఆ కొస లేచి కమానుకి కొట్టి ఆపుతుంది. మిగతా వేళ కమాను జోలికి పోదు. అలా నన్ను కోసి, అతికి, బిగించారు. అబ్బులు కింద దూరి ఆ సందులో చూపుడు వేలు పెట్టాడు.

“వేలు పట్టాలిరా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

“గతుకుల్లో టకటకా కొట్టుకుంటది అన్నా.”

“కొట్టుకోనీ.”

ఆ మాట దస్తగిరికి మింగుడుపడలేదు. ఆటోనగర్లో పనితనాన్ని చెవితోనే కొలుస్తారు. షెడ్డు దాటిన బండి చప్పుడు చేసిందంటే పరువు రోడ్డున పడ్డట్టే. దస్తగిరి చెయ్యి పడితే బండి కిక్కురుమనదని నలభై ఏళ్ళుగా అతనికి పేరు. మర్నాడు అబ్బులు టీకి వెళ్ళినప్పుడు, పాత టైరు ముక్కలు రెండు కోసి సుత్తితో మా ఇద్దరి సందుల్లోనూ దిగ్గొట్టాడు.

నాకు ఊపిరాడలేదు. ఇక కమానుకి వంగే చోటు లేదు. గతుకు దెబ్బ ప్రతిదీ నా నెత్తినే పడుతుంది. అరిచి చెబుదామంటే నాకున్న ఒక్క నోరూ ఆ చప్పుడే, దాన్నే మూసేశాడు. “అబ్బ, పిల్లిలా నడుస్తోందిరా!” అని అబ్బులు మెచ్చుకున్నాడు కూడా. వేలు పెట్టి చూడటం మరిచిపోయాడు.

దస్తగిరిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకా తెరవని బైపాసు రోడ్డు మీద పొద్దున్నే తోలాడు. మూడో గేరు దాకా బాగానే ఉంది. వంతెన అతుకు మీద వెనక చక్రాలు ఎగిరాయి. కమాను వంగాలి, వంగలేదు. నన్ను పట్టుకున్న బోల్టు తెగింది. కారు రెండు చుట్లు తిరిగి జనుము చేలో పడింది.

ఇద్దరికీ గీత కూడా పడలేదు. అబ్బులు గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“రోడ్డు అంచు కనపళ్ళేదురా. బండిది కాదు తప్పు, నా కళ్ళది. అయిపోయింది నా పని,” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దస్తగిరి కారు కిందికి వంగి తెగిన బోల్టునీ, నలిగిన టైరు ముక్కనీ చూశాడు. ముక్కను పీకి గుప్పిట్లో దాచేశాడు. ఆ క్షణంలో నాకు అతని మీద పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అబ్బులు షెడ్డుకి రావడం మానేశాడు. దస్తగిరి రోజూ కారు కింద పడుకుని, నన్ను చూసి, ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయేవాడు. అలా నలభై రోజులు గడిచాయి. నలభై ఒకటో రోజున ఆ టైరు ముక్క జేబులో వేసుకుని అబ్బులు ఇంటికి వెళ్ళాడు. అక్కడ జరిగింది నన్ను మళ్ళీ బిగిస్తూ తనలో తాను చెప్పుకుంటే విన్నాను.

అబ్బులు మంచం దిగడం లేదట. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంట్లో చొక్కా బొత్తామంత వెలుతురు మిగిలింది. దస్తగిరి ముక్కను అతని అరచేతిలో పెట్టాడు.

“నీ కళ్ళు కాదన్నా. నేను. చప్పుడొస్తే నా పేరు పోద్దని సందులో ఇది కుక్కాను.”

అబ్బులు దాన్ని చాలాసేపు తడిమాడట. “నలభై రోజుల చూపురా దస్తగిరీ. ఉన్నదే గుప్పెడు, అందులో నలభై రోజులు తినేశావు,” అన్నాడట. తరవాత గోడ పట్టుకుని లేచి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడట.

కొత్త బోల్టులు పడ్డాయి. సందులో మళ్ళీ వేలు పెట్టి చూసింది అబ్బులే. అదే రోడ్డు, అదే పొద్దు. స్టీరింగు అబ్బులు పట్టుకున్నాడు, పక్క సీట్లో దస్తగిరి కూర్చున్నాడు.

“రోడ్డు నేను చూసి చెప్తానన్నా. ఎడం అంటే ఎడం, కుడి అంటే కుడి.”

“చెప్పు,” అని అబ్బులు పెడలు నేలకి తొక్కాడు.

ఇరుసు మెలి తిరగబోయింది. నేనూ నా జోడూ ఒక్కసారే లేచి కమానుకి తగిలాం. టక్. చక్రాలు నేలను కరుచుకున్నాయి. “కొట్టిందిరా! కొట్టింది!” అని పైన అబ్బులు కేక పెట్టాడు. వంతెన అతుకు వచ్చింది, కమాను వంగింది, నేను దాని జోలికి పోలేదు, కారు దాటేసింది. రోడ్డు అయిపోయేదాకా వేగం తగ్గలేదు. దస్తగిరి నోట ఎడమా రాలేదు, కుడీ రాలేదు.

కారు ఆగింది. ఇంజను చల్లారుతూ చిటపటలాడుతోంది.

“సూటిగానే వచ్చామా?” అడిగాడు అబ్బులు.

“వచ్చామన్నా.”

“ఒక్క ముక్కా చెప్పలేదేం? ఎలా ఉందిరా రోడ్డు?”

పక్క సీటు కిర్రుమంది.

“నాకు తెలీదన్నా. భయమేసి కళ్ళు మూసుకున్నా.”

తరవాత వాళ్ళు నవ్వారో ఏడ్చారో కింద ఉన్న నాకు తెలియదు, సీట్లు మాత్రం నా పైన ఊగుతూనే ఉన్నాయి. ఆ రోడ్డును మొదటి నుంచి చివరి దాకా చూసినవాళ్ళం నేనూ నా జోడే. మధ్యలో తెల్లగీత ఒకటి ఉంది. దాన్ని మేము ఎక్కడా దాటలేదు.