ఆటోల తరగతి ఛాంపియన్

ఏబేలుకి రేసుల మీద ఏనాడూ మోజు లేదు. అతనికి కావలసిందల్లా గిద్దలూరు రైల్వేస్టేషన్ ముందు ఆటోస్టాండులో మొదటి చోటు. అది గేటుకి ఎదురుగా, నీడలో ఉంటుంది. రైలు దిగినవాళ్లు తిన్నగా వచ్చి ఆ బండే ఎక్కుతారు. చివరి చోటు మురుక్కాలవ పక్కన. అక్కడ ఎక్కేవి దోమలే.

మొదటి చోటు నాదంటే నాదని ఏబేలూ, అతని బామ్మర్ది పాల్ రాజూ రెండేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. స్టాండులోవాళ్లకి చెవులు చిల్లులు పడ్డాయి. చివరికి ఒక మాట తేల్చేశారు. రేసుల్లో ఆటోల తరగతి ఎవరు గెలిస్తే వాళ్లకి ఏడాదిపాటు నీడ, ఓడినవాళ్లకి మురుక్కాలవ.

రేసులు పెట్టింది ట్రాక్టర్ షోరూం రాజేష్. పెద్ద కార్లూ చిన్న కార్లూ ఒకే బాట మీద కలిసి పరిగెత్తడం, ఎవరి తరగతిలో వాళ్లే గెలవడం టీవీలో చూసి అతనికి మతిపోయింది. స్పోర్ట్స్ కార్లు మనకెక్కడివని ట్రాక్టర్లు, మినీ లారీలు, ఆటోలు కలిపేశాడు. పంటలు ఎత్తేశాక నెలకొకటి చొప్పున నాలుగు ఊళ్లలో నాలుగు పందేలు, ఎక్కువ గెలిచినవాడే తన తరగతికి ఛాంపియన్ అన్నాడు. పనీపాటా లేని ఎండలు కదా, జనం ఎగబడ్డారు.

మార్కాపురంలో పలకల గనుల పక్కన బయలు చదునుగా ఉందని మురిసిపోయారు. పలకముక్కలు గుచ్చుకుని రెండో చుట్టుకే ఆటోలన్నీ చతికిలబడ్డాయి. పాల్ రాజు మాత్రం గాలి పోయిన చక్రంతోనే ఈడ్చుకుంటూ గీత దాటాడు. మిగతా ఆటోవాళ్లు దణ్ణం పెట్టి ఇంటికెళ్లిపోయారు, తరగతిలో బావాబామ్మర్దులే మిగిలారు. యర్రగొండపాలెంలో వెనకనుంచి మినీ లారీ హారన్ కొట్టిందని పాల్ రాజుకి రోషం వచ్చింది. దారివ్వకుండా పంతానికి పోయి కంపచెట్లలో పడ్డాడు, ఏబేలు గెలిచాడు. కంభంలో దుమ్ముకి కళ్లు కనబడక ఇద్దరూ ముందున్న ట్రాక్టరు వెనకాలే పోయారు. అది పందెం మానేసి ఇంటికి పోతోందని, పశువుల కొట్టం ముందు ఆగాకగానీ తెలియలేదు.

అలా చెరొక గెలుపుతో గిద్దలూరు చేరారు. ఊరవతల ఎండిపోయిన చెరువులో ముగ్గుపిండితో గీతలు గీశారు. ఆఖరి చుట్టులో ఏబేలు ముందున్నాడు, పాల్ రాజు పది బారలు వెనకబడ్డాడు. ఇంకొక్క నిమిషం ఇలాగే పోతే నీడ తనదే.

సరిగ్గా అప్పుడు గీత పక్కన గంపతో నిలబడ్డ ఓ ముసలామె చెయ్యెత్తింది.

ఇరవై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఏబేలు మనసు వద్దంటూనే ఉంది, కాలు బ్రేకు తొక్కేసింది.

"స్టేషన్ కాడికి పోతాదా నాయనా?" అంది ఆమె. పేరు రంగనాయకమ్మ. వంకాయలు అమ్ముకోవడానికి రోజూ ఆ చెరువు దారినే పోతుంది. గీతలూ జెండాలూ చూసి కొత్త రోడ్డు పడిందనుకుంది.

"పోతాదిలే అవ్వా, ఎక్కు," అనేశాడు ఏబేలు. అదీ అలవాటే. ఆమె గంప కింద దించి, ముందు తను ఎక్కి కూర్చుంది.

పాల్ రాజు ఆ సందులో దూసుకుపోవచ్చు. బుద్ధి ఉన్నవాడైతే పోయేవాడే. కానీ బావకి బేరం తగలడం చూసి వాడి ప్రాణం ఊరుకోలేదు. పక్కనే బండి ఆపి, కింద ఉన్న గంప ఎత్తి తన ఆటోలో పెట్టుకున్నాడు. సామాను ఎక్కిస్తే మనిషి వెనకాలే వస్తుందని ఆటోవాళ్లందరికీ తెలిసిన విద్య.

"ఆ బండి ఇప్పట్ల కదలదు అవ్వా. ఈడికి రా."

"అవ్వ నా బండెక్కింది. గంప ఇయ్‌రా పాలూ," అన్నాడు ఏబేలు.

"అవ్వనే దింపు బావా."

రంగనాయకమ్మ బండి దిగలేదు, గంపనూ వదల్లేదు. కూర్చున్నచోటినుంచే చెయ్యి చాచి గంప అంచు గట్టిగా పట్టుకుంది. "ఇద్దరూ పోనీండి. ఒక్క వంకాయ కింద పడిందా, మీ సంగతి చెప్తా."

రెండు ఆటోలూ కాడికి కట్టిన ఎడ్లలా పక్కపక్కనే, మెల్లమెల్లగా గీత వైపు సాగాయి. ట్రాక్టర్లు వాళ్లని రెండేసి సార్లు దాటిపోయాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఏబేలుకి ఏడుపొచ్చింది.

ఎవరు ముందొచ్చారో రాజేష్‌కి తేలలేదు. మైకు తీసుకెళ్లి ముసలమ్మనే అడిగాడు.

"నా గంపే ముందొచ్చినాది," అంది ఆమె ఉన్నదున్నట్టు.

గంప ఉన్నది పాల్ రాజు బండిలో. దండ వాడి మెడలో పడింది.

మర్నాడు పొద్దున్నే ఏబేలు మురుక్కాలవ పక్కన ఆటో పెట్టి దిగులుగా కూర్చున్నాడు. పన్నెండింటికి వంకాయలు అమ్ముకుని రంగనాయకమ్మ ఖాళీ గంపతో స్టాండుకొచ్చింది. పాల్ రాజు గంప అందుకోబోతే వీపు వెనక్కి పెట్టుకుంది. బండ్లన్నీ దాటుకుంటూ వచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఏబేలు ఆటోలో కూర్చుంది.

స్టాండంతా లేచింది. "అవ్వా, ముందు బండే ఎక్కాల. ఈడ రూలు."

"నేను చెయ్యెత్తితే పందెం ఇడిచిపెట్టి ఆగినోడు ఈయన," అంది రంగనాయకమ్మ. "నేనెక్కిందే ముందు బండి. మీరే ఈ కొసనుంచి లెక్కబెట్టుకోండి."

పాల్ రాజు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. వాడిది ఏడోది, ఆఖరిది.