నల్లగీత మీద కుంకుమ

చక్రపాణిని రెండున్నరేళ్లుగా ఒకే సందేహం తొలుస్తోంది. ఆ రోజు ఆసుపత్రిలో క్రెడిట్ కార్డు పనిచేయకపోవడానికి కారణం ఇంద్రాణి పెట్టిన కుంకుమేనా? మనుషుల్ని అడుగుదామంటే నవ్వుతారని భయం. దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాడు. ఆయన పలకలేదు.

చక్రపాణి తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో గుమాస్తా. కాపురం ఎల్బీనగర్ వెనక కాలనీలో. కార్డు మొదటిసారి ఇంటికొచ్చిన రోజున భార్య ఇంద్రాణి దాన్ని కవరుతో సహా తీసుకెళ్లి లక్ష్మీదేవి పటం ముందు పెట్టింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం బీరువా తాళాలకూ, బియ్యం డబ్బాకూ పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టేది. ముందువైపు పెడితే అంకెలు కనపడవని వెనక్కి తిప్పి, అక్కడున్న నల్లగీత మీద పెట్టేది. "బొట్టు కోసమే చోటు వదిలినట్టున్నారు చూడండి" అని మురిసిపోయేది.

సకల జనుల సమ్మె నాటి మాట. బస్సులు డిపోలు దాటడం లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక ఉదయం ఇంద్రాణి పూజ మధ్యలో గుండె పట్టుకుని కూలబడింది. పక్కింటి భిక్షపతి పరుగున వచ్చాడు. అతనిది నల్లగొండ దగ్గర పల్లె, హయత్‌నగర్ డిపోలో డ్రైవరు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి మూడు వారాలుగా జీతం లేదు. బామ్మర్ది ఆటో తెచ్చి తనే నడిపాడు. చౌరస్తాలో రాస్తారోకో చేస్తున్నవాళ్లకు తల బయటపెట్టి ఏదో చెబితే, వాళ్లే టైర్లు పక్కకు లాగి దారి ఇచ్చారు.

ఆసుపత్రిలో ఇరవై వేలు ముందు కట్టమన్నారు. చక్రపాణి కార్డు ఇచ్చాడు. కౌంటరులో అమ్మాయి గీకింది, పనిచేయలేదు. రుమాలుతో తుడిచి మళ్లీ గీకింది. రుమాలు ఎర్రబడింది గాని కార్డు పనిచేయలేదు. కుంకుమ మెత్తి గీత పాడుచేసుకున్నట్టున్నారని ఆ అమ్మాయి విసుక్కుంది. స్ట్రెచరు మీదున్న ఇంద్రాణి ఆ మాట విన్నది.

"నా బొట్టు వల్లేనా అండీ?"

కాదనడానికి ఒక్క క్షణం పట్టేది. చక్రపాణి ఆ క్షణం ఆగకుండా ఏటీఎం కోసం పరుగెత్తాడు. మొదటి చోట కరెంటు లేదు. రెండో చోట బారెడు వరుస. డబ్బుతో తిరిగొచ్చేసరికి గంటంబావు. ఈలోగా డాక్టరు రాసిన ఇంజెక్షన్లు భిక్షపతి తన జేబులోంచి తెచ్చాడు. మూడువందల నలభై రూపాయలు. అప్పుడే ఇవ్వబోతే వద్దన్నాడు. అక్క మంచిగయి ఇంటికొచ్చినంక ఆమె చేతితోనే తీసుకుంటానన్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున ఇంద్రాణి పోయింది. కర్మ అయ్యాక చక్రపాణి మళ్లీ డబ్బు పట్టుకెళ్లాడు.

"అక్క చేతితోనే తీస్కుంట అన్న గద సారు. ఇప్పుడు నీ దగ్గర ఎట్ల తీస్కోవాలె?" అని భిక్షపతి తల తిప్పుకున్నాడు. ఆ బాకీ అక్కడే ఆగిపోయింది.

తెలంగాణ బిల్లు పార్లమెంటులో నెగ్గిన వారంలోనే పాత కార్డు గడువు తీరవచ్చింది. చక్రపాణికి నిజానికి కార్డు మీద మోజు లేదు. కాని ఇంట్లో ఎనభై దాటిన తల్లి కౌసల్యమ్మ ఉంది. ఈసారి ఆసుపత్రి గుమ్మంలో ఆగిపోని కార్డు కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకుకు వెళ్లాడు. సింధూర అనే అమ్మాయి మూడు రకాల కాగితాలు పరిచింది. ఒకటి పెట్రోలు మీద తగ్గింపు ఇస్తుంది. ఆయన బస్సు పాసు మనిషి. ఇంకొకటి బట్టల దుకాణాల్లో పాయింట్లు ఇస్తుంది. ఆ ఇంట్లో చీర కొని రెండున్నరేళ్లయింది. మూడోది విమానాశ్రయంలో ఉచితంగా భోజనం పెడుతుందట. మీ అవసరం ఏమిటో చెబితే సరిపోయేది ఇస్తానంది ఆ పిల్ల.

"ఆసుపత్రిలో పనిచేస్తే చాలమ్మా. పాతది అక్కడే ఆగిపోయింది" అన్నాడు. ఎందుకో ఆమె నవ్వదనిపించి కుంకుమ సంగతి కూడా చెప్పాడు.

సింధూర నవ్వలేదు. తారీఖు అడిగి కంప్యూటరులో చాలాసేపు వెతికింది.

"గీత పాడైతే విషయం మా దాకా రాదు సార్. మీది రెండుసార్లు వచ్చింది. యంత్రం కార్డును బాగానే చదివింది. మీ పరిమితి పదిహేను వేలు, వాళ్లు గీకింది ఇరవై వేలకు. పదిహేనుకు గీకి ఉంటే డబ్బు వెళ్లిపోయేది."

తన పరిమితి అరవై వేలు కదా అన్నాడు చక్రపాణి. ఆమె తెర ఆయనవైపు తిప్పింది. పరిమితి తగ్గించమని రాసిన ఉత్తరం. కింద తన సంతకం. 2009 డిసెంబరు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటించిన రోజులవి. మనల్ని ఇక ఇక్కడ ఉండనివ్వరని కోచింగ్ సెంటరులో తోటివాళ్లు గుసగుసలాడేవారు. ఎప్పుడు మూట కట్టాల్సొస్తుందో తెలియని ఊళ్లో అంత అప్పుకు వీలుండటం మంచిది కాదని ఆయనే రాసి బ్యాంకు పెట్టెలో వేశాడు. జవాబు రాలేదు. నెలనెలా వచ్చే బిల్లులో కట్టవలసిన అంకె తప్ప మరేదీ చదివే అలవాటు లేక మరచిపోయాడు.

ఇంద్రాణి మాత్రం తప్పు తన బొట్టుదేననుకుంటూ వెళ్లిపోయింది.

పాయింట్లు లేని మామూలు కార్డుకే, లక్ష రూపాయల పరిమితికి సంతకం పెట్టి చక్రపాణి ఇల్లు చేరాడు. దీపం వెలిగించి పటం ముందు కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. కాసేపటికి లేచి ఇంద్రాణి కుంకుమ పెట్టె తెరిచాడు. ప్రతి శుక్రవారం హారతిపళ్లెంలో వేసి, తీసి దాచుకున్న పది రూపాయల నోట్లు అందులో ఉన్నాయి. ఆమె పోయాక ఎవరూ ముట్టలేదు. ముప్పైనాలుగు నోట్లు లెక్కపెట్టి పక్కింటికి వెళ్లాడు.

భిక్షపతి గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు. వీధి చివర టపాసులు పేలుతున్నాయి. చక్రపాణి పక్కన కూర్చుని బ్యాంకులో తెలిసినదంతా దాచకుండా చెప్పాడు.

భిక్షపతి విప్పిన చెప్పులు గోడ వారగా పెట్టాడు. తరువాత మెల్లగా అడిగాడు. "నన్ను చూసి భయపడ్డవా సారు?"

"లేదు భిక్షపతీ. ఆ కాగితం రాసేటప్పుడు నువ్వు గుర్తుకే రాలేదు."

చక్రపాణి నోట్లు ముందుకు చాపాడు. "ఇవి నావి కావు. మీ అక్క చేతులతో దాచినవి."

భిక్షపతి చేతులు లుంగీకి తుడుచుకుని రెండు చేతులా అందుకున్నాడు. నోట్ల అంచులకున్న ఎరుపు అతని బొటనవేలికి అంటింది. లెక్కపెట్టకుండా కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.